అపరాల కాయల్లో జన్యువుల పని: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి కోతలు పూర్తయ్యేసరికే మాగాణుల్లో మినుము, పెసర మొలకలు తలెత్తుతాయి. మెట్ట భూముల్లో కంది, ఉలవ, బొబ్బర, వేరుశనగ తరతరాలుగా పండుతున్నవే. ఈ పంటలన్నింటిలోనూ రైతుకు చేతికందేది కాయలోని గింజే కనుక, పువ్వు పూసినది మొదలు కాయ ఎండేదాకా లోపల ఏ జన్యువులు ఎప్పుడు పనిచేస్తాయన్నది తెలుసుకోదగిన విషయం. వ్యవసాయ, జీవశాస్త్ర విద్యార్థులూ, విత్తనోత్పత్తి చేసే రైతులూ ఈ విషయమై సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి.

జన్యు వ్యక్తీకరణ అంటే ఏమిటి?

మినుము మొక్క వేరు కొనలో ఉన్న కణానికీ, ఆకులో ఉన్న కణానికీ, పప్పుబద్దలో ఉన్న కణానికీ జన్యువుల జాబితాలో తేడా ఉండదు. తేడా అంతా ఆ జాబితాలో ఏవి పనిలో ఉన్నాయి, ఏవి ఊరకున్నాయి అన్నదానిలోనే ఉంటుంది. ఒక జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలై, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారుకావడాన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు. తోటపల్లి కాలువలో నీరు నిండుగా పారుతున్నంత మాత్రాన ప్రతి మడీ తడవదు. ఏ మదుము ఎత్తారో ఆ మడికే నీరు చేరుతుంది. జన్యువుల విషయంలో మదుము వంటిది ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం. అది సాధారణంగా జన్యువుకు ముందే ఉంటుంది. దానిని పట్టుకొని తెరిచేవీ మూసేవీ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు.

పెసర జన్యుపటం, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ క్రమం, 2014లో వెలువడినప్పుడు అందులో సుమారు 22,400 జన్యువులను గుర్తించారు. వీటిలో కొన్ని గింజ నిండే రోజుల్లో తప్ప మొక్క జీవితంలో మరెప్పుడూ చెప్పుకోదగ్గ స్థాయిలో పనిచేయవు. అందువల్ల ఫలానా రకంలో ఫలానా జన్యువు ఉన్నదని చెప్పడం సగం సమాచారమే అవుతుంది. అది ఏ రోజున, ఏ కణజాలంలో, ఎంత మేరకు పనిచేసిందో తెలిసినప్పుడే దిగుబడితోనో నాణ్యతతోనో దానికున్న సంబంధం తెలుస్తుంది.

కాయ తొక్కకు గింజను కప్పి ఉంచడం తప్ప వేరే పని ఉందా?

చాలా ఉంది. పువ్వులోని అండాశయం గోడే ఫలదీకరణ తరువాత కాయ తొక్కగా మారుతుంది. అది పచ్చగా ఉన్నంతకాలం కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. బఠాణీ కాయలో దీనికి రెండు పొరలు ఉన్నాయి. బయటి పొర గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుంటుంది, లోపలి పొర గింజలు శ్వాసించి వదిలిన కార్బన్ డయాక్సైడును తిరిగి పట్టుకుంటుంది. కాయ ముదిరేటప్పుడు తొక్కలోని ప్రొటీన్లు విడిపోయి, వాటిలోని నత్రజని గింజలకు తరలిపోతుంది. తొక్క పలచబడి ఎండడం వెనుక ఈ తరలింపు కూడా ఉంది.

ఇక్కడ ఒక జన్యుశాస్త్ర విషయాన్ని గుర్తుంచుకోవాలి. కాయ తొక్క, గింజ పైపొట్టు పూర్తిగా తల్లి మొక్క కణజాలాలు. లోపలి పిండం మాత్రం తల్లిదండ్రులిద్దరి జన్యువులతో ఏర్పడిన కొత్త తరం. సంకరం చేసిన కాయలో పొట్టు రంగు తల్లి రంగే ఎందుకు ఉంటుందని విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. పొట్టు విషయంలో తండ్రి ప్రభావం కనబడాలంటే ఆ గింజను నాటి, పెరిగిన మొక్క కాసిన గింజలను చూడాలి.

గింజ కట్టే దశలు ఏవి? ఏ దశలో ఏ జన్యువులు పనిచేస్తాయి?

మినుము, పెసర పువ్వుల్లో మొగ్గ పూర్తిగా విచ్చకముందే పుప్పొడి రాలి స్వపరాగసంపర్కం జరుగుతుంది. అక్కడి నుంచి కాయ పండడానికి రకాన్ని బట్టి, ఎండను బట్టి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ కాలాన్ని శాస్త్రజ్ఞులు ముఖ్యంగా మూడు దశలుగా చూస్తారు.

మొదటిది కణ విభజన దశ. పువ్వు రాలిన అయిదారు రోజులకు మినుము పిందెను గోటితో చీల్చి చూస్తే, నూగుతో మెత్తగా ఉన్న తొక్క అప్పటికే బాగా పొడవు సాగి ఉంటుంది కాని, లోపలి గింజలు తొక్కకు అంటుకొని లేతగా, తేటగా, చాలా చిన్నవిగా కనిపిస్తాయి. చుట్టూ ఖాళీ మిగిలి ఉంటుంది. కాయ ముందుగా సాగి గింజకు చోటు సిద్ధం చేస్తుంది. ఈ దశలో పిండంలో కణ విభజనను నడిపే సైక్లిన్ల వంటి ప్రొటీన్ల జన్యువులు, ఆక్సిన్, సైటోకైనిన్ హార్మోన్లకు సంబంధించిన జన్యువులు చురుకుగా ఉంటాయి. పప్పుబద్దల్లో ఎన్ని కణాలు ఏర్పడతాయన్నది చాలావరకు ఇప్పుడే తేలిపోతుంది. ఈ రోజుల్లో నీటి ఎద్దడి వస్తే గింజ గరిష్ఠ పరిమాణమే తగ్గిపోతుంది. తరువాత ఎంత తడి ఇచ్చినా పూర్తిగా కోలుకోకపోవడానికి కారణం ఇదే.

రెండవది నిండే దశ. కాయను నొక్కితే గింజలు ఒకదాని పక్కన ఒకటి ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. చీల్చితే పచ్చని గింజ తొక్క లోపలి ఖాళీని పూర్తిగా ఆక్రమించి ఉంటుంది. పిండం చుట్టూ ఉన్న అంకురచ్ఛదాన్ని అపరాల్లో పిండమే చాలావరకు తినేస్తుంది కనుక ఆహారమంతా పప్పుబద్దల్లోకే చేరుతుంది. నిల్వ ప్రొటీన్లు, పిండిపదార్థం, వేరుశనగ, సోయాలో నూనె తయారుచేసే జన్యువులు ఈ దశలో ఉధృతంగా పనిచేస్తాయి. కణంలోని ఆర్‌ఎన్‌ఏ సందేశాల్లో పెద్ద భాగం కొద్దిపాటి నిల్వ ప్రొటీన్ జన్యువులవే కావడం ఈ దశ ప్రత్యేకత.

మూడవది ఎండే దశ. కాయ నల్లబడుతుంది, పచ్చగా ఉన్న గింజ పొట్టు కూడా నలుపెక్కుతుంది, నీటి శాతం వేగంగా పడిపోతుంది. చూసేవారికి మొక్క పని ముగించినట్లే అనిపిస్తుంది గాని, నీరు లేకుండా బతకడానికి కావలసిన ఎల్ఈఏ అనే రక్షక ప్రొటీన్ల జన్యువులు ఈ చివరి రోజుల్లోనే పనిలోకి వస్తాయి. కోత మరీ తొందరపడి జరిపిన విత్తనానికి మొలక శాతం తగ్గడం వెనుక ఈ పని పూర్తికాకపోవడం ఒక కారణం.

నిండే దశలో తయారయ్యే నిల్వ ప్రొటీన్లు ఏవి?

ప్రధానంగా గ్లోబులిన్లు అనే ప్రొటీన్లలోని రెండు కుటుంబాలు. ఒకటి విసిలిన్, రెండవది లెగ్యుమిన్. బఠాణీలో విసిలిన్ ముందు, లెగ్యుమిన్ కొంత ఆలస్యంగా పోగవుతాయి. పెసరలో అత్యధిక భాగం విసిలిన్ తరగతికి చెందినదే. వేరుశనగలో వీటిని కోనరాకిన్, అరాకిన్ అని పిలుస్తారు. ఈ ప్రొటీన్లు కణంలో తయారై, ప్రత్యేకమైన నిల్వ కోశాల్లోకి చేరి, మొలకెత్తే రోజు వరకు అక్కడే ఉంటాయి.

నేలలో గంధకం తక్కువైతే ఈ జన్యువుల సమతూకం మారిపోతుంది. గంధకం ఎక్కువగా అవసరమయ్యే లెగ్యుమిన్ తరహా ప్రొటీన్లు తగ్గి, దాని అవసరం తక్కువగా ఉన్న విసిలిన్ తరహావి పెరుగుతాయి. సోయాచిక్కుడులో ఈ సంగతి స్పష్టంగా నిరూపితమైంది. అంటే తూకంలో ప్రొటీన్ శాతం పెద్దగా తగ్గనట్లు కనిపించినా, గంధకంతో కూడిన మెథియోనిన్, సిస్టీన్ అనే ఆమైనో ఆమ్లాలు మరింత తగ్గుతాయి. అపరాల్లో అసలే తక్కువగా ఉండేవి ఇవే.

మినప పిండి పులిసి పొంగడానికి, ఇడ్డెన్లు మెత్తగా రావడానికి తోడ్పడేవి కూడా ఈ గ్లోబులిన్ ప్రొటీన్లూ, గింజలో ఏర్పడే అరబినోగాలక్టాన్ అనే జిగురు పదార్థమూ కలిసే.

ఇన్ని జన్యువులను ఒక క్రమంలో నడిపేది ఏది?

ఎల్ఈసీ1, ఎఫ్‌యూఎస్3, ఏబీఐ3 అనే మూడు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల పేర్లు విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. వీటిని మొదట అరాబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో కనుగొన్నారు. అపరాల్లోనూ వీటి సమానరూపాలు ఉన్నాయి. ఏబీఐ3 తీవ్రంగా దెబ్బతిన్న అరాబిడాప్సిస్ గింజలు పచ్చగానే ఉండిపోయి, ఎండిన తరువాత బతకవు. ఒకే నియంత్రకం వేర్వేరు రోజుల్లో వేర్వేరు పనులు చేయగలదన్నది మరింత ఆసక్తికరం. సోయాచిక్కుడులో ఎల్ఈసీ1 తొలి రోజుల్లో పిండం రూపానికీ, కిరణజన్య సంయోగక్రియకూ సంబంధించిన జన్యువులను, తరువాతి రోజుల్లో తోడుగా వచ్చే ఇతర ఫ్యాక్టర్లతో కలిసి నిల్వకు సంబంధించిన జన్యువులను నడుపుతుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుదల ఏబీఐ3 ద్వారా గింజను నిండే దశ వైపు, ఆపై ఎండే దశ వైపు నడిపిస్తుంది.

ఆకులో తయారైన చక్కెర గింజలోకి ఎలా చేరుతుంది?

తల్లి మొక్క నాళాలు గింజ పొట్టు దగ్గరే ఆగిపోతాయి. పిండంలోకి నేరుగా వెళ్లవు. కాబట్టి పొట్టు చక్కెరను బయటికి వదలాలి, పిండం దానిని లోపలికి తీసుకోవాలి. తొలి దశలో పొట్టులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఇవి ఎక్కువగా ఉన్నంతకాలం కణ విభజన సాగుతుంది. ఇన్వర్టేజ్ తగ్గి సుక్రోజు పెరిగినప్పుడు నిల్వ మొదలవుతుంది. బాకలా చిక్కుడు గింజలపై జరిగిన పరిశోధనల్లో ఈ మార్పు చక్కగా కనిపించింది. చక్కెర ఇక్కడ ఆహారం మాత్రమే కాదు, జన్యువులకు సంకేతం కూడా.

పొట్టు నుంచి చక్కెరను బయటికి పంపే స్వీట్ అనే కుటుంబానికి చెందిన జన్యువుల్లో 10ఏ, 10బీ అనే జంట సోయా గింజ పరిమాణాన్ని, నూనె, ప్రొటీన్ల పాళ్లను ప్రభావితం చేస్తుందని 2020లో ప్రచురితమైంది. మనిషి పెద్ద గింజలను ఎంచుకుంటూ వచ్చిన వేల ఏళ్లలో, తెలియకుండానే ఎంచుకున్న జన్యువుల్లో ఇవి ఉన్నాయి.

వేరుశనగ కాయ నేలలోకి దిగితేనే ఎందుకు ఊరుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జన్యు వ్యక్తీకరణపై వెలుతురు ప్రభావాన్ని ఇంత స్పష్టంగా చూపే పంటలు అరుదు. వేరుశనగ పువ్వు నేలపైనే ఫలదీకరణ చెందుతుంది. తరువాత అండాశయం కింద ఉన్న కణాలు విభజన చెంది ఊడగా సాగి, గురుత్వాకర్షణ దిశలో నేల వైపు వంగుతాయి. ఊడ కొనలో ఉన్న పిండం కొన్ని కణాల స్థాయిలోనే పెరుగుదల ఆపి వేచి ఉంటుంది. ఊడ మట్టిలో దిగి చీకటిలోకి చేరిన తరువాతే పిండం తిరిగి పెరగడం మొదలుపెడుతుంది, కొన ఉబ్బి కాయగా మారి అడ్డంగా తిరుగుతుంది. వెలుతురులో ఉన్న ఊడకూ, చీకటిలోకి చేరిన ఊడకూ ఆర్‌ఎన్‌ఏను పోల్చినప్పుడు కిరణజన్య సంయోగక్రియ జన్యువులు తగ్గడం, వెలుతురును గుర్తించే వ్యవస్థకూ హార్మోన్లకూ చెందిన జన్యువుల్లో పెద్ద మార్పులు రావడం కనిపిస్తుంది. కొమ్మ పైభాగాన ఆలస్యంగా పూసిన పువ్వుల ఊడలు నేలను చేరలేక ఎండిపోతాయి. ఊడలు దిగే వేళకు మట్టి గుల్లగా ఉండాలని, ఆ తరువాత అంతరకృషి చేయరాదని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇక్కడే ఉంది.

కాల్షియం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాల్షియం మొక్కలో నీటితో పాటు పైకి, నీరు ఆవిరయ్యే ఆకుల వైపు ప్రయాణిస్తుంది. మట్టిలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరి కాదు కనుక వేరు పీల్చిన కాల్షియం దానికి దాదాపు చేరదు; ఊడా కాయా తమ చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకోవాలి. అది అందకపోతే పిండం ఆగిపోయి తాలు కాయలు మిగులుతాయి. తేలికపాటి ఇసుక, ఎర్ర నేలల్లో ఈ లోపం ఎక్కువ. ఎకరాకు 200 కిలోల జిప్సంను ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమని సిఫారసు చేయడానికి కారణం ఇదే. జిప్సంలో గంధకం కూడా ఉంటుంది కనుక పైన చెప్పిన నిల్వ ప్రొటీన్ల సమస్యకూ అది పనికొస్తుంది.

ఎండలో కాయలు చిట్లి గింజలు ఎందుకు రాలిపోతాయి? దీనికి కారణమైన జన్యువులను గుర్తించారా?

గుర్తించారు. అడవి అపరాలకు చిట్లడం అవసరం. గింజ దూరంగా పడితేనే సంతతి వ్యాపిస్తుంది. రైతుకు మాత్రం అది నష్టం. కాయకు రెండు అంచుల వెంట ఉన్న సంధి రేఖల్లో బలహీనమైన కణాల వరుస ఉంటుంది. తొక్క లోపలి వైపు, కణాల గోడలను గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం పేరుకొని గట్టిపడిన పొర ఉంటుంది. గాలిలో తేమ తగ్గినప్పుడు ఈ పొర మెలితిరగాలని లాగుతుంది. లాగుడు బలం సంధి రేఖ బలాన్ని మించిన క్షణాన కాయ చిటుక్కున రెండుగా చీలి, రెండు చెక్కలూ మెలికలు తిరుగుతాయి.

సోయాలో దీనికి సంబంధించి రెండు విషయాలు 2014లోనే వెలుగులోకి వచ్చాయి. పీడీహెచ్1 అనే జన్యువు లోపలి పొరలో లిగ్నిన్ చేరడానికి తోడ్పడి మెలితిరిగే బలాన్ని పెంచుతుంది. అది పనిచేయని రకాల్లో చిట్లడం తగ్గుతుంది. పొడి వాతావరణ ప్రాంతాల సోయా రకాల్లో ఈ పనిచేయని రూపమే ఎక్కువ. రెండవది షాట్1-5. ఇక్కడ జన్యువు పాడవలేదు; దానికి ముందు ఉండి దాన్ని అణచి ఉంచే డీఎన్‌ఏ భాగం పాడైంది. ఆ కారణంగా సాగు సోయాలో అది అడవి సోయాలో కంటే సుమారు 15 రెట్లు ఎక్కువగా వ్యక్తమై, సంధి రేఖ వద్ద నారకణాల గోడలు దళసరిగా మారాయి. ప్రొటీన్ మారకుండా, దాని మోతాదు మాత్రమే మారి ఒక అడవి మొక్క సాగు పంట కావడానికి తోడ్పడిన తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మన మినుము, పెసరలకు దగ్గరి బంధువులైన అజుకి చిక్కుడు, పొడవు బొబ్బర్లలో చిట్లని గుణానికి ఎంవైబీ26 అనే జన్యువు దెబ్బతినడం కారణమని 2020లో తెలిసింది. లిగ్నిన్ పొరలో మార్పు రావడం ఈ మూడింటిలో రెండు ఉదంతాలకూ ఉమ్మడి సూత్రం.

కొత్త రకం ఎంపిక చేసుకునే రైతుకు దీని నుంచి తేలేది ఒకటే: చిట్లడం రకాన్ని బట్టీ, గాలి పొడితనాన్ని బట్టీ ఉంటుంది కాబట్టి, ఎండిన కాయలున్న మొక్కలను మిట్టమధ్యాహ్నం కాకుండా ఉదయం చెమ్మ ఉండగానే కోయడం మేలు.

మెండల్ చూసిన పసుపు కాయలకూ, మన మినుము చేలలో కనిపించే పసుపు కాయలకూ సంబంధం ఉందా?

ఏమాత్రం లేదు. మెండల్ 1866లో ప్రచురించిన బఠాణీ ప్రయోగాల్లోని ఏడు లక్షణాల్లో కాయ రంగు, కాయ ఆకారం, గింజ ఆకారం, పప్పుబద్ద రంగు ఉన్నాయి, అంటే సగానికి పైగా కాయకూ గింజకూ చెందినవే. ముడతల గింజకు కారణం పిండిపదార్థాన్ని కొమ్మలుగా కూర్చే ఎంజైము జన్యువులోకి మరో డీఎన్‌ఏ ముక్క చొరబడడమేనని 1990లో తేలింది. ఆ గింజలో పిండిపదార్థం తగ్గి, చక్కెర, దానితో పాటు నీరు ఎక్కువై, ఎండినప్పుడు ముడుచుకుపోతుంది. పసుపు కాయ రహస్యం మాత్రం 2025 వరకు ఆగింది. పత్రహరితం తయారీకి అవసరమైన జన్యువు బాగానే ఉన్నా, దాని ముందున్న పెద్ద డీఎన్‌ఏ భాగం ఊడిపోవడం వల్ల ఆ జన్యువు నకలు సరిగా తీయడం కుదరక కాయ పసుపుగా మిగిలిపోతోంది.

మన చేలలో ఆకులతో పాటు కాయలు పసుపెక్కి గిడసబారితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరసు దానికి కారణం. తట్టుకునే రకం వేయడం, తెల్లదోమను అదుపులో పెట్టడం దీనికి ప్రధానమైన దారులు.

పూత బాగా వచ్చినా పిందెలు ఎందుకు రాలిపోతాయి?

కందిలోనైతే పూసిన పువ్వుల్లో అత్యధిక భాగం కాయ కాకుండానే రాలిపోతుంది. అది కొంతవరకు మొక్క స్వభావమే. ముందు కట్టిన కాయలు చక్కెరను లాగేసుకుంటే, గెల చివర ఆలస్యంగా కట్టిన పిందెలకు అందదు. అలాంటి పిందెలో ఇన్వర్టేజ్ జన్యువుల పని పడిపోతుంది, అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, తొడిమ అడుగున ఇథిలీన్ అనే హార్మోను ప్రభావంతో సెల్యులేజ్, పాలీగాలక్ట్యురొనేజ్ ఎంజైముల జన్యువులు మేల్కొని కణాల మధ్య బంధాన్ని కరిగిస్తాయి. పిందె రాలిన చోట తొడిమ నున్నగా తెగి కనిపించేది అందుకే.

వరి కోసిన మాగాణుల్లో మినుము నేలలో మిగిలిన తేమతోనే బతుకుతుంది. విత్తడం ఆలస్యమైతే గింజ నిండే రోజులు ఫిబ్రవరి ఎండల్లో, తడి ఆరిన నేలలో పడతాయి. తేమ ఉండగానే పూత వచ్చేలా సకాలంలో విత్తనం వెదజల్లడానికి సాటివచ్చే మందు లేదు. పూత, పిందె దశల్లో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేయడం ఎద్దడిని కొంత తట్టుకోవడానికి తోడ్పడుతుంది.

వాన పడితే పెసర గింజలు కాయలోనే మొలకెత్తడానికి కారణం ఏమిటి?

పండిన పెసర గింజకు నిద్రావస్థ దాదాపు లేదు. గింజలో అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, మొలకను ప్రేరేపించే జిబ్బరెల్లిన్ అనే హార్మోను ప్రభావం పైచేయి అయినప్పుడు, నీరు అందిన వెంటనే నిల్వలను కరిగించే అమైలేజ్ వంటి ఎంజైముల జన్యువులు పనిచేయడం మొదలవుతుంది. కాయ తొక్క మందం, దాని మీది మైనపు పూత, పొట్టు గట్టిదనం నీటిని కొంతసేపు ఆపుతాయి. కాయలు ఒకేసారి పండవు కనుక, వాన సూచన ఉన్నప్పుడు చివరి కాయల కోసం ఆగకుండా పండినవాటిని కోసేయడమే మంచిది.

పప్పులు తింటే కడుపు ఉబ్బరానికి కూడా జన్యువులే కారణమా?

ఒక రకంగా అవును. రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలను తయారుచేసే జన్యువులు గింజ ఎండే దశలో చురుకవుతాయి. ఎండిన కణాలకు రక్షణగా మొక్క చేసుకునే ఏర్పాటు ఇది. మన పేగులకు వాటిని విడగొట్టే ఎంజైము లేక, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాయువుగా మారుస్తాయి. సంక్రాంతి రోజుల్లో ఉడకబెట్టుకుని తినే పచ్చి కందికాయల్లో ఇవి ఇంకా పూర్తిగా చేరి ఉండవు. ఎండు పప్పును నానబెట్టి ఆ నీరు పారబోసినా, మొలకెత్తించినా తగ్గుతాయి.

కాయలో జన్యు వ్యక్తీకరణను ఎలా కొలుస్తారు?

కొలత ప్రయోగశాలలో జరుగుతుంది, నాణ్యత మాత్రం పొలంలోనే తేలిపోతుంది. మినుము, పెసర మొక్క మీద ఒకే రోజున పువ్వూ, పిందే, పండిన కాయా కలిసి ఉంటాయి. కాబట్టి మొక్క వయసు చూసి నమూనా తీస్తే అర్థం లేదు. పువ్వు విచ్చిన ఉదయమే తొడిమకు తేదీ రాసిన దారం కట్టాలి. ఆమదాలవలస దగ్గరి పొలంలోనైనా, పరిశోధన కేంద్రపు మడిలోనైనా నియమం ఇదే. చాలా జన్యువుల పని పగలూ రాత్రీ మారుతుంటుంది కనుక ప్రతి నమూనానూ రోజులో ఒకే వేళకు కోయాలి. కోసిన కాయను మంచు మీద ఉంచి, తొక్కను, పొట్టును, పిండాన్ని వేరుచేసి, వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వేయాలి. ఆపై మైనస్ 80 డిగ్రీల వద్ద నిల్వచేయాలి. చేతి చెమటలోనూ, బల్ల మీదా ఉండే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు నమూనాను నిమిషాల్లో పాడుచేస్తాయి. ద్రవ నత్రజని దొరకని చోట గాఢమైన అమ్మోనియం సల్ఫేట్ ఆధారిత ద్రావణంలో ముంచుతారు. అయితే కాయ మీది మైనపు పూత వల్ల ద్రావణం లోపలికి ఇంకదు కనుక ముందు సన్నగా తరగాలి.

ముదిరిన గింజలో పిండిపదార్థం, ప్రొటీన్, పొట్టులోని పాలీఫీనాళ్లు ఆర్‌ఎన్‌ఏతో కలిసి వచ్చేస్తాయి. వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేయడానికే సీటీఏబీ అనే డిటర్జెంటు, లిథియం క్లోరైడు వాడే పద్ధతులు ఉన్నాయి. ఒకటి రెండు జన్యువులనే చూడాలంటే వాటి ఆర్‌ఎన్‌ఏ మోతాదును కొలిచే క్యూపీసీఆర్ పరీక్ష చాలు. అన్ని జన్యువులనూ ఒకేసారి చూడాలంటే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ కావాలి. క్యూపీసీఆర్‌లో ఆక్టిన్, యుబిక్విటిన్ వంటి జన్యువులను స్థిరమైన కొలబద్దగా వాడతారు. అయితే కాయ ఎండే దశలో అవీ మారవచ్చు కాబట్టి ప్రతి పంటకూ, ప్రతి దశకూ ముందుగా పరీక్షించాలి. ఈ జాగ్రత్త తీసుకోని పరిశోధన పత్రాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, వాటి అంకెలను ఆచితూచి నమ్మాలి. ఆర్‌ఎన్‌ఏ పెరిగినంత మాత్రాన ప్రొటీన్ అదే పాళ్లలో పెరిగిందని కూడా అనుకోకూడదు.

మన పంటల జన్యుపటాలు ఏవి అందుబాటులో ఉన్నాయి?

సోయా 2010లో, కంది 2012లో, శనగ 2013లో, పెసర 2014లో, వేరుశనగ అడవి పూర్వీకులు 2016లో, బఠాణీ, బొబ్బర 2019లో, మినుము, ఉలవ 2021లో వచ్చాయి. కంది పటానికి హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ నేతృత్వం వహించింది. ఆశ అనే రకాన్ని అందుకు తీసుకున్నారు. అదే రకంలో మొలక నుంచి ముదురు గింజ వరకు 30 కణజాలాల్లో జన్యువుల పనిని చూపే వ్యక్తీకరణ పటం 2017లో వెలువడింది. ఒక జన్యువు పేరు చేతిలో ఉన్న విద్యార్థి అది కాయలో పనిచేస్తుందా, వేరులోనా అన్నది ఇలాంటి పటాల్లో చూసుకొన్న తరువాతే సొంత ప్రయోగం మొదలుపెట్టాలి.

ఈ జ్ఞానంతో పురుగును తట్టుకునే అపరాలను తయారుచేయవచ్చా?

చేయవచ్చు, అయితే జాగ్రత్తలు కావాలి. ఫ్రెంచి చిక్కుడులోని అమైలేజ్ నిరోధక జన్యువును, గింజలో మాత్రమే తెరుచుకునే ప్రమోటర్‌తో జతచేసి బఠాణీలో చేర్చినప్పుడు, నిల్వలో గింజను తొలిచే పెంకు పురుగులు ఆ బఠాణీని జీర్ణించుకోలేకపోయాయి. ఆకు, వేరుల్లో ఆ ప్రొటీన్ లేకుండా గింజకే పరిమితం చేయగలగడం ఇక్కడి విజయం. అయితే బఠాణీలో తయారైన ఆ ప్రొటీన్ కొంత భిన్నమైన రూపం తీసుకుని ఎలుకల్లో రోగనిరోధక ప్రతిచర్య కలిగించిందని 2005లో తేలడంతో ఆ ప్రయత్నం ఆగింది. మరోవైపు, కాయలను తొలిచే మరుకా పురుగును తట్టుకునేలా ఒక బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ బొబ్బరకు నైజీరియా 2019లో అనుమతి ఇచ్చింది. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన అపరాలేవీ సాగులో లేవు.

ప్రయోగశాల సదుపాయాలు లేని డిగ్రీ కళాశాలలో విద్యార్థులు ఏం చేయగలరు?

జన్యువుల పని ఫలితాన్ని కంటితో, త్రాసుతో చూడగలరు. ఒక మడిలో బొబ్బర లేదా మినుము వేసి, పువ్వులకు తేదీతో దారాలు కట్టి, మూడు రోజులకొకసారి కొన్ని కాయలు కోయాలి. తొక్కను, గింజలను వేరుగా తూచి, నీడలో ఆరబెట్టి, ఎండలో పెట్టి, బరువు నిలకడపడిన తరువాత మళ్లీ తూచితే నీటి శాతం తగ్గే తీరు తెలుస్తుంది. తొక్క పొడి బరువు తగ్గడం మొదలైన రోజులు, గింజ పొడి బరువు వేగంగా పెరిగే రోజులు ఎంతవరకు కలుస్తున్నాయో గమనిస్తే నత్రజని తరలింపు అర్థమవుతుంది. లేత గింజను అడ్డంగా కోసి అయోడిన్ ద్రావణం చుక్క వేస్తే తొలి రోజుల్లో పొట్టు దగ్గర, తరువాతి రోజుల్లో పప్పుబద్దల్లో నీలి నలుపు కనిపిస్తుంది. పిండిపదార్థం చోటు మారడాన్ని ఆ రంగే చూపుతుంది. ప్రతి కోత రోజునా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను, నేల తడిని కూడా రాసి ఉంచాలి. అవి లేకపోతే డిసెంబరులో పూసిన పువ్వు కాయను ఫిబ్రవరిలో పూసిన పువ్వు కాయతో పోల్చడం సాధ్యం కాదు.